రెడ్ కార్డు ఒకరికి, శిక్ష ఊరందరికీనా?



ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిక చూసుకుని చదవండి. చదవకుండా కింద దండం బొమ్మ మాత్రం పెట్టొద్దు.

సంక్రాంతి అయిపోయినాక తడ, సూళ్ళూరుపేట, వరదయ్యపాళెం చుట్టుపక్కల టీములతో ఆడపిల్లల ఫుట్‌బాల్ లీగ్ పెడదామని నెల రోజులుగా మాటలు నడుస్తా ఉన్నాయి. ఆరు టీములు వస్తాయంటున్నారు. జెర్సీలకు ఒకరు, బంతులకు ఒకరు డబ్బులిస్తామన్నారు. కప్పు ఎంత ఎత్తు ఉండాలో కూడా మాట్లాడుకున్నారు. గొడవ వస్తే ఎవరు విచారించాలి, శిక్ష ఎవరు వెయ్యాలి, వేసిన శిక్ష తప్పయితే ఎవరి దగ్గరికి పోవాలి అనేది మాత్రం ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. మేము అడిగితే "ముందు ఆట మొదలుపెడదాం, అవన్నీ తర్వాత చూసుకుందాం లే" అన్నారు. తర్వాత చూసుకుంటే ఏమవుతుందో మాకు తెలుసు. పోయిన సంవత్సరం మా పిల్లలకు అదే జరిగింది.

మా టీములో పది మంది. ఆడేది ఏడుగురు, బయట ముగ్గురు. నలుగురు హాస్టల్లో ఉండి తొమ్మిది, పది చదివేవాళ్ళు, ఇద్దరు ఇంటర్, ఇద్దరు డిగ్రీ, ఇద్దరు శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీకి పోయేవాళ్ళు. ఒక అమ్మాయి వాళ్ళ తాత, శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవిలోనే పుట్టి పెరిగినాయన. అందరూ మన యానాది కాలనీల పిల్లలే. దూరంగా ఒక ఊళ్ళో ఆడపిల్లల సెవెన్స్ టోర్నమెంట్ అంటే ఎంట్రీ ఫీజు, డిపాజిట్ చందాలేసుకుని కట్టి తీసుకుపోయినాం. ఆ ఊరి పేరు, నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరూ ఆడపిల్లలకు గ్రౌండ్ ఇవ్వని చోట వాళ్ళు ఇచ్చినారు, మధ్యాహ్నం అన్నం పెట్టినారు, బట్టలు మార్చుకోవడానికి గది చూపించినారు. అది మరిచిపోకూడదు.

సెమీఫైనల్. ఇంకో పది నిమిషాలుంది, ఒకటికి ఒకటి గోల్. బంతి గీత బయటికి పోతే త్రో వెయ్యడానికి మా అమ్మాయి పోయింది. గీత పక్కన నిలబడుకోనున్న అవతలి టీము తాలూకు మనిషి ఒకడు కులం పేరు పెట్టి ఒక మాటన్నాడు. ఆ మాట ఇక్కడ రాయము. మీలో చాలామంది బడిలో, బస్సులో, రేషన్ షాపు దగ్గర విన్న మాటే. మా అమ్మాయి చేతిలో ఉన్న బంతిని వాడి మొహం మీదికి విసిరింది. రిఫరీకి ఆ మాట వినపడలేదు, విసరడం మాత్రం కనపడింది. రెడ్ కార్డు చూపించినాడు. అది చూసి మా వైపు నుంచి పోయిన పిల్లగాళ్ళు నలుగురు గ్రౌండ్‌లోకి దూకినారు. రిఫరీని నానా మాటలన్నారు. ఆట ఆగిపోయింది. మ్యాచ్ అవతలి టీముకు ఇచ్చేసినారు.

ఇంతవరకు జరిగినదానిలో మా తప్పు ఉంది. మేము దాన్ని దాచిపెట్టం. బంతి విసరడం తప్పే, కార్డు చూపించాల్సిందే. మా పిల్లగాళ్ళు చేసింది ఇంకా పెద్ద తప్పు, వాళ్ళను ఆపలేకపోయిన మేము వాళ్ళకంటే ఎక్కువ సిగ్గుపడాలి.

కానీ ఆ రాత్రి పదిన్నరకు వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. "రిఫరీపై దాడి" చేసినందుకు మా టీమును, మా ఊరి క్రీడాకారిణులందరినీ ఒక సంవత్సరం బహిష్కరించినామని, డిపాజిట్ తిరిగి ఇచ్చేది లేదని. కింద మా అమ్మాయి ఫోటో. రిఫరీ మీద దాడి ఎప్పుడు జరిగింది? నాలుగు రోజుల తర్వాత ఆ రిఫరీ నంబరు పట్టుకుని మేమే ఫోన్ చేసినాం. ఆయన తమిళ యాసలో, "నా మీద ఎవురూ చెయ్యి వెయ్యలేదు బాబూ, నన్ను ఎవురూ ఏమీ అడగనూ లేదు" అన్నాడు. ఆయన రిపోర్టు రాయలేదు, రాయమని ఎవరూ అడగలేదు. మెసేజ్ కింద పేరు పెట్టిన పెద్దమనిషి అవతలి టీముకు జెర్సీలు కొనిచ్చినాయనే అని తర్వాత తెలిసింది.

ఆ అమ్మాయి అప్పటినుంచి గ్రౌండ్‌కు రాలేదు. మేము ఇంటికి పోతే వాళ్ళమ్మ ఒకటే మాట చెప్పింది. "మీరు చదువుకున్నోళ్ళు గదా నాయనా. నా బిడ్డ ఎవుర్నో కొట్టిందని దాని బొమ్మ ఊరూరా ఫోన్లలో తిరిగింది. మేనమామ ఇంటికాడ కూడా అడిగినారు. ఇంక ఆటా వద్దు, ఏమీ వద్దు." ఏం చెప్పాలి మనం?

ఒక్కరు తప్పు చేస్తే అందరినీ శిక్షించడం అనేది వేరేవాళ్ళకు కొత్త కావచ్చు, మనకు కాదు. బ్రిటిష్ వాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చినారు. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాష్ట్రంలో కూడా అమలు చేసినారు. ఎరుకల వాళ్ళను, మన యానాదుల్లో కూడా కొంతమందిని ఆ లెక్కలో రాసినారు. ఆ చట్టం కింద నువ్వు దొంగతనం చేసినావా అని అడిగేది లేదు. నువ్వు ఏ తెగలో పుట్టినావు అనేది చాలు. పేరు రిజిస్టర్‌లో రాస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, పిలిచినప్పుడల్లా హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. మన నెల్లూరు వైపు బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్ప సెటిల్‌మెంట్ దానికోసమే పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చి ఐదేళ్ళయినాక, 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. చట్టం పోయినా, ఎక్కడ ఏది పోయినా ముందు మన కాలనీకే జీపు రావడం పోలేదని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు.

ఒక ఫుట్‌బాల్ టోర్నమెంట్ మెసేజ్‌ను దానితో పోలుస్తారా అని ఎవరైనా అనొచ్చు. నిర్వాహకులకు అంత దుర్బుద్ధి ఉందని మేము అనడం లేదు. కోపంలో, అలసటలో, రాత్రి పూట నలుగురు కూర్చుని తేల్చిపారేసినారు, అంతే. కానీ విచారణ లేకుండా శిక్ష వేస్తే అది ఎప్పుడూ ఒక్కరి దగ్గర ఆగదు, వాళ్ళ ఊరి మీదికి, కులం మీదికి పాకుతుంది. "మా ఊరి క్రీడాకారిణులందరినీ" అని రాసినారు చూడండి. ఆ రోజు ఆ గ్రౌండ్‌కు రాని పిల్ల కూడా అందులో ఉంది.

ఇంకో సంగతి, శిక్ష కొలత అందరికీ ఒకటి కాదు. మగపిల్లలకు రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్ అంటే రెండు మ్యాచ్‌లే. మూడో మ్యాచ్‌కు బూట్లు తగిలించుకుని వచ్చేస్తాడు. ఆడపిల్లను ఆటకు పంపడానికి ఇంట్లో నాన్నను, అన్నను, హాస్టల్ వార్డెన్‌ను, షిఫ్టు మార్చే సూపర్‌వైజర్‌ను ఒక్కొక్కరినే బతిమాలి ఒప్పించి ఉంటాం. వాళ్ళందరూ వద్దనడానికి ఒక కారణం కోసం చూస్తా ఉంటారు. రెండు మ్యాచ్‌ల శిక్ష వాళ్ళ చేతిలో పడితే అదే జీవితకాలం శిక్ష అవుతుంది. అందుకని ఆడపిల్లల లీగ్‌లో క్రమశిక్షణ సడలించాలని మేము అనడం లేదు. ఇంకా జాగ్రత్తగా తూచి వెయ్యాలంటున్నాం.

కార్డులు ఎట్లా పుట్టినాయో మీలో ఎంతమందికి తెలుసో. 1966 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనా ఆడినాయి. రిఫరీ జర్మనీ ఆయన, స్పానిష్ రాదు. అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ను బయటికి పొమ్మన్నాడు. ఎందుకు పొమ్మన్నాడో రాటిన్‌కు అర్థం కాలేదు. దుబాసీని పిలిపించండి అని గ్రౌండ్‌లోనే నిలబడిపోయినాడు. కొన్ని నిమిషాలు ఆట ఆగిపోయింది. అదే మ్యాచ్‌లో ఇంగ్లండ్ వైపు చార్ల్టన్ అన్నదమ్ములిద్దరికీ రిఫరీ హెచ్చరిక రాసుకున్నాడన్న సంగతి వాళ్ళకే మరుసటి రోజు పేపర్ చూసినాక తెలిసింది. అప్పుడు రిఫరీలకు పెద్దగా ఉన్న కెన్ ఆస్టన్, కారులో పోతా ట్రాఫిక్ సిగ్నల్ చూసి, పసుపు, ఎరుపు అయితే ఏ భాష వాడికైనా అర్థమవుతుంది కదా అనుకున్నాడు. 1970 మెక్సికో ప్రపంచ కప్ నుంచి కార్డులు వచ్చినాయి. అంటే కార్డు పుట్టిందే ఆటగాడికి తన మీద ఏం నిర్ణయం జరిగిందో అర్థం కావడానికి. మనం ఉండేది సరిహద్దులో. ఇటు తెలుగు, నాలుగడుగులు వేస్తే ఆరంబాక్కం, అక్కడ తమిళం. రిఫరీలు ఎక్కువగా చెన్నై వైపు నుంచి లోకల్ ట్రైన్ ఎక్కి వస్తారు. రంగు అందరికీ అర్థమవుతుంది. ఆ తర్వాత వచ్చే శిక్ష కాగితం మాత్రం పిల్ల చదవగలిగే భాషలో ఉండొద్దా?

"రిఫరీ నిర్ణయమే ఫైనల్, ఇంక విచారణ ఏంది?" అని మాకు చెప్పినారు. ఇది సగం నిజం. గోలా కాదా, ఫౌలా కాదా, బయటికి పంపాలా వద్దా, వీటిమీద గ్రౌండ్‌లో రిఫరీ మాటే చివరిది. అది ఉండాల్సిందే, లేకపోతే ఆట సాగదు. కానీ ఎన్ని మ్యాచ్‌లు దూరం పెట్టాలి అనేది రిఫరీ పని కాదు. ఆయన పని జరిగింది రిపోర్టు రాసి ఇవ్వడం. దాన్ని చూసి, ఆటగాడి మాట విని, శిక్ష తేల్చేది వేరే కమిటీ. ప్రపంచమంతా ఇట్లాగే నడుస్తుంది. రెడ్ కార్డు పడితే తర్వాతి ఒక మ్యాచ్ ఎట్లాగూ ఆడకూడదు. దానికి మించి వెయ్యాలంటే కారణం చూపించాలి. మా విషయంలో రిఫరీ వేసింది ఒక్క కార్డు. మిగతా సంవత్సరమంతా వేసింది కమిటీ, అదీ రిఫరీని అడక్కుండా.

కమిటీలో ఎవరు కూర్చుంటారు అనేదే అసలు ప్రశ్న. ఇది మన చిన్న గ్రౌండ్ జబ్బు మాత్రమే కాదు. 2024 మార్చిలో గోవాలో ఇండియన్ విమెన్స్ లీగ్ రెండో డివిజన్ జరిగేటప్పుడు హిమాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన ఖడ్ ఎఫ్‌సీ అమ్మాయిలిద్దరు ఒక ఫిర్యాదు చేసినారు. రాత్రి భోజనం అయిపోయింది, ఆకలికి గదిలో గుడ్లు ఉడకబెట్టుకుంటుంటే ఒక అధికారి వచ్చి తమ మీద చెయ్యి చేసుకున్నాడని. ఆ అధికారి వాళ్ళ రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘానికి జనరల్ సెక్రటరీ, అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ కార్యవర్గంలో సభ్యుడు. గోవా పోలీసులు అరెస్టు చేసినారు, ఫెడరేషన్ సస్పెండ్ చేసింది. కోర్టు పని కోర్టుది, దాని జోలికి మేము పోము. ఒక్క సంగతి ఆలోచించండి. ఆ పిల్లలు మామూలుగా అయితే ఎవరికి చెప్పుకోవాలి? రాష్ట్ర సంఘానికి చెప్పుకోవాలి, ఆయనే సెక్రటరీ. పైన చెప్పుకుందామా అంటే అక్కడా ఆయనే. పోలీసుల దగ్గరికి పోయే ధైర్యం వాళ్ళకు ఉంది కాబట్టి బయటపడింది.

పెద్దవాళ్ళ పాలన చెడితే ఎవరు నష్టపోతారో 2022లో ఇంకా బాగా కనపడింది. ఎన్నికలు జరపకుండా, కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి బయటివాళ్ళ జోక్యం ఉందని ఆగస్టులో ఫిఫా మన ఫెడరేషన్‌నే సస్పెండ్ చేసింది. అదే సమయానికి గోకులం కేరళ అమ్మాయిలు ఆసియా క్లబ్ పోటీకి ఉజ్బెకిస్తాన్‌లో తాష్కెంట్ దాకా పోయి ఉన్నారు. ఒక్క మ్యాచ్ ఆడకుండా వెనక్కి రావాల్సి వచ్చింది. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేసినారు, అప్పటికి వాళ్ళ పోటీ చేజారిపోయింది. తప్పు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళది, ఓడిపోయింది బూట్లు కట్టుకున్నవాళ్ళు. ఆ అక్టోబర్‌లోనే మన దేశంలో అండర్ 17 అమ్మాయిల ప్రపంచ కప్ జరిగింది. మన జట్టు కెప్టెన్ అస్తం ఉరావ్, జార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ బిడ్డ. ఆమె పేరు మీద ఊరికి రోడ్డు వేస్తుంటే వాళ్ళ అమ్మానాన్నలు ఆ రోడ్డు పనికే కూలికి పోయినారు. సస్పెన్షన్ ఇంకో నెలన్నర నడిచి ఉంటే ఆ పిల్ల ప్రపంచ కప్ ఆడేదా?

ఇంకా వెనక్కి పోతే 1920 డిసెంబర్ 26న ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ గ్రౌండ్‌లో డిక్, కెర్ అనే ఫ్యాక్టరీ కార్మిక ఆడవాళ్ళ టీము ఆట చూడటానికి 53,000 మంది వచ్చినారు. సంవత్సరం తిరక్కుండానే, 1921 డిసెంబర్‌లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఆడవాళ్ళకు ఏ క్లబ్బూ గ్రౌండ్ ఇవ్వకూడదని తీర్మానం చేసింది. ఈ ఆట ఆడవాళ్ళకు తగదన్నారు, డబ్బు లెక్కలు సరిగా లేవన్నారు. లెక్కలు సరిగా లేకపోతే లెక్కలు చూపించమనాలి గానీ ఆటే ఆపేస్తారా? దాదాపు 50 ఏళ్ళు ఆ తీర్మానం అట్లాగే ఉండిపోయింది.

మన వైపు ఆడపిల్లలు ఆడలేరా అంటే ఆడతారు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన లంబాడీ అమ్మాయి సౌమ్య గుగులోత్ దేశం జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు పోయింది. అనంతపురంలో ఆర్‌డీటీ క్రీడా గ్రామంలో పల్లెల ఆడపిల్లలు బూట్లు కట్టుకుని ఆడుతున్నారు. మన దగ్గర కొదవ పిల్లలకు కాదు.

సరే, ఏం చేద్దామంటారు అని అడుగుతారు. మేము ఒక డ్రాఫ్టు రాసినాం. ఒక్క పేజీ దాటకూడదు అనుకున్నాం, ఒకటిన్నర అయింది.

మొదటిది కమిటీ. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు ఉంటే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. చేసుకుందాం. ఏడుగురిలో నలుగురు ఆడవాళ్ళు ఉండాలి, వాళ్ళలో ఇద్దరు ఆడే పిల్లలే ఎన్నుకున్నవాళ్ళు అయ్యుండాలి. వారిద్దరికీ 18 ఏళ్ళు నిండి ఉండాలి. పేరుకు భార్యను పెట్టి భర్త వచ్చి కూర్చోవడం సర్పంచుల దగ్గర చూసినాం, ఇక్కడ వద్దు. ఇదేమీ మేము కనిపెట్టింది కాదు. 2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం దేశ స్థాయి సంఘాల కార్యవర్గం 15 మందికి మించకూడదని, అందులో కనీసం నలుగురు మహిళలు ఉండాలని చెప్తుంది. ఆ చట్టం మన గ్రౌండ్ దాకా రాదు. వచ్చేదాకా ఆగాల్సిన పనీ లేదు. డబ్బులు ఇద్దరు సంతకం పెడితేనే బ్యాంకు నుంచి రావాలి, నెలకొకసారి లెక్క కాగితం గ్రౌండ్ గోడకు అంటించాలి.

రెండోది, శిక్షలు తేల్చే ముగ్గురు వేరు. లీగ్ నడిపేవాళ్ళు వేరు, శిక్ష వేసేవాళ్ళు వేరు. ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు. ఎవరికైనా ఆ రెండు టీములలో చుట్టరికం గానీ, డబ్బు సంబంధం గానీ ఉంటే ఆ రోజు లేచి పక్కన కూర్చోవాలి, ఆయన బదులు వేరేవాళ్ళు వస్తారు. మా టీము కేసు వస్తే మేము కూడా లేచిపోతాం. చుట్టరికం లేనివాళ్ళు మన పల్లెల్లో ఎవరబ్బా దొరుకుతారు అని ఒక అన్న నవ్వినాడు. నిజమే. అందుకే పక్క మండలం పీఈటీ టీచర్‌ను ఒకరిని, రిటైరైన హాస్టల్ మేట్రన్‌ను ఒకరిని అడిగిపెట్టినాం.

మూడోది పద్ధతి. ఇక్కడ కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే గొడవలన్నీ ఇక్కడే. మ్యాచ్ అయిన రాత్రికే రిఫరీ నాలుగు ముక్కలు రాసి ఇవ్వాలి. రాసే ఓపిక లేకపోతే చెప్తే ఒకరు రాసుకుని సంతకం పెట్టించుకోవాలి. ఆ కాగితం నకలు పిల్లకు చేరాలి. మూడు రోజుల లోపల పిల్లను పిలవాలి. ఒంటరిగా గదిలోకి పిలవకూడదు, అమ్మో అక్కో టీచరో పక్కన ఉండాలి. "నువ్వేమంటావు?" అని అడగాలి. ఏమన్నదో రాసుకోవాలి. దీనికి పావుగంట పడుతుంది. మా అమ్మాయిని ఆ పావుగంట అడిగి ఉంటే, రిఫరీ మీద దాడి అనే మాట ఆ మెసేజ్‌లోకి వచ్చేదే కాదు, కులం పేరు పెట్టి తిట్టినవాడు ఎవడో బయటపడేవాడు.

మన తాతల కాలం కుల పంచాయితీలో కూడా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగేవాళ్ళని పెద్దవాళ్ళు చెప్తారు. ఆడవాళ్ళను దూరంగా నిలబెట్టి వాళ్ళ మాట మగవాళ్ళతో చెప్పించేవాళ్ళని కూడా వాళ్ళే చెప్తారు. మొదటిది ఉంచుకుందాం, రెండోది వదిలేద్దాం.

తేల్చిన మాట రాతలో ఇవ్వాలి. ఏ తప్పుకు, ఎందుకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని స్పష్టంగా. పిల్లకు, టీముకు, ఆమె వచ్చే మ్యాచ్ నిర్వాహకులకు తప్ప ఎవరికీ పంపకూడదు. ఫోటో పెట్టడం అసలు కుదరదు, పెట్టినవాళ్ళ మీదే చర్య ఉండాలి. నచ్చకపోతే ఏడు రోజుల లోపల అప్పీలు. బయట మనిషి ఒకరే వింటారు, ఫీజు లేదు.

శిక్షల పట్టిక ముందే రాసిపెట్టుకోవాలి. ఒకే మ్యాచ్‌లో రెండు ఎల్లోలు వచ్చి రెడ్ అయితే ఒక మ్యాచ్. రిఫరీని తిడితే మూడు. కొడితే ఆ లీగ్ మొత్తం. కులం పేరుతో, ఒంటి రంగుతో తిడితే ఫిఫా నియమావళి కనీసం పది మ్యాచ్‌లు అంటుంది. ఆరు టీముల లీగ్‌లో ఒక్కో టీము ఆడేదే ఐదు కాబట్టి మన దగ్గర ఈ లీగ్‌తో పాటు వచ్చే లీగ్ కూడా పోతుంది. డబ్బు జరిమానా మాత్రం వద్దు. 500 రూపాయలు ఒక టీముకు టీ ఖర్చు, ఇంకో టీముకు ఇద్దరు పిల్లల బూట్లు. ప్రేక్షకులు గొడవ చేస్తే ఆ మనిషినే గ్రౌండ్ బయట పెట్టాలి. టీము మేనేజర్ ఆపే ప్రయత్నం చేయలేదని తేలితే టీముకు పాయింట్లు కొయ్యొచ్చు. అన్నదమ్ములు చేసిన రౌడీతనానికి ఆడే పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం ఉండకూడదు. పోయిన ఏడాది గ్రౌండ్‌లో దూకిన మా నలుగురినీ ఈసారి మేమే గేటు బయట నిలబెడతాం. వాళ్ళకు చెప్పినాం, ఒకడికి కోపం వచ్చింది. రానీ.

కొన్ని మన కమిటీ చేతిలో పెట్టుకోకూడనివి ఉన్నాయి. కోచ్ గానీ, మేనేజర్ గానీ, ఎవరైనా పిల్లతో తప్పుగా ప్రవర్తిస్తే "మనలో మనం మాట్లాడుకుందాం" అనేది ఉండకూడదు. 18 ఏళ్ళు నిండని పిల్ల అయితే పోక్సో చట్టం. తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరం అవుతుంది. పెద్దవాళ్ళయితే 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో ఆట స్థలాలు, స్టేడియాలు కూడా ఉన్నాయి, జిల్లాకు ఒక లోకల్ కమిటీ ఉంటుంది. మనకు కులం పేరుతో నలుగురి ముందు తిట్టడం మీద 1989 అట్రాసిటీ చట్టం ఎట్లాగూ ఉంది. మా గ్రూపులో ఇద్దరు అన్నలు అప్పుడే కేసు పెడదామన్నారు. ఆ అమ్మాయి వద్దన్నది. కేసు పెట్టే హక్కు ఆమెది, ఆమె బదులు మేము ఆవేశపడడం సరికాదని ఊరుకున్నాం. అది సరైన పనేనా అని ఇప్పటికీ మాలో మాకు వాదన నడుస్తానే ఉంది.

"ఆరు టీముల ఆటకు ఇంత రాజ్యాంగం అవసరమా?" అని అడిగినవాళ్ళున్నారు. పెద్ద లీగుల్లో తప్పు జరిగితే పేపర్లు రాస్తాయి, లాయర్లు వస్తారు. మన పిల్లకు జరిగితే ఎవరు వస్తారు? "రూల్స్ ఎక్కువైతే స్పాన్సర్లు పోతారు" అన్నది ఇంకో మాట. జెర్సీ కొనిచ్చినందుకు తీర్పు చెప్పే కుర్చీ కూడా కావాలనే స్పాన్సర్ పోతే పోనీ, రంగు చొక్కాలు ఏవో వేసుకుని ఆడుకుంటారు పిల్లలు.

పోయిన వారం ఈ డ్రాఫ్టు తీసుకుని ఆ అమ్మాయి ఇంటికి పోయినాం. రెండుసార్లు చదివింది. శిక్ష అయిపోయే తేదీ రాయాలన్న చోట వేలు పెట్టి, ఇది బాగుందన్నది. తర్వాత, "నన్ను తిట్టినోడు టీములో వాడు కాదు గదా అన్నా. ఆడేవాళ్ళకు పట్టిక రాసినారు, గీత పక్కన నిలబడేవాళ్ళ మాటలకు రాయలేదే?" అని అడిగింది. మేము ప్రేక్షకుల రౌడీతనం రాసినాం గానీ, వాళ్ళ నోటి గురించి రాయడం మరిచిపోయినాం. ఇప్పుడు చేర్చినాం. అట్లాంటి మాట వినపడితే కెప్టెన్ చెయ్యి ఎత్తాలి, రిఫరీ ఆట ఆపాలి, ఆ మనిషిని బయటికి పంపినాకే మళ్ళీ విజిల్. వాళ్ళమ్మ ఇంకా ఒప్పుకోలేదు. లీగ్ మొదలయ్యాక ఒక మ్యాచ్ చూడటానికి వస్తానన్నది, అంతవరకే.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు మేము ప్రాక్టీస్ చేసే గ్రౌండ్ దగ్గరే కూర్చుంటాం. డ్రాఫ్టు చదివి వినిపిస్తాం, తమిళంలో కూడా ఒక నకలు రాయించినాం. ఒక్కో టీము నుంచి కనీసం ఇద్దరు ఆడే పిల్లలు రావాలి. మేనేజర్లు ఒక్కరే వస్తే మాత్రం ఆ రోజు ఏమీ తేల్చం, టీ తాగి ఇంటికి పోదాం.